హాకీ టోర్నమెంట్‌లో దెబ్బ తగిలితే ఏం చేయాలి, కొట్టినవాణ్ణి ఎన్ని మ్యాచ్‌లు కూర్చోబెట్టాలి

ముందు మేం చేసిన తప్పు చెప్తాను. ఒడిశా రాయగడ జిల్లాలో మా ఊరి గ్రౌండ్‌లో ఏటా సంక్రాంతి వెళ్లాక ఎనిమిది టీములతో హాకీ టోర్నమెంట్ పెడతాం. నేను కమిటీలో ఉంటాను, మనుషులు తక్కువైతే విజిల్ కూడా పట్టుకుంటాను. ఒక ఏడాది మొదటి రోజే ఒక కుర్రాడు షాట్ కొట్టి స్టిక్ తిప్పిన ఊపులో, వెనక నుంచి దూసుకొచ్చిన అవతలి డిఫెండర్ ముక్కుకి తగిలింది. జెర్సీ అంతా రక్తం, జనం గ్రౌండ్‌లోకి దిగిపోయారు, మేం హడలిపోయి ఆ కుర్రాణ్ణి టోర్నమెంట్ మొత్తానికీ తీసేశాం. అదే సాయంత్రం ఇంకో మ్యాచ్‌లో ఒకడు జారుకుంటూ వచ్చి రెండుసార్లు అవతలి వాళ్ల కాళ్లు ఊడ్చేశాడు. ఎవరికీ ఏం కాలేదు కాబట్టి అన్నిటికన్నా చిన్న శిక్ష, గ్రీన్ కార్డుతో సరిపెట్టాం. సెమీఫైనల్లో అదే మనిషి అదే పని చేస్తే ఈసారి అవతలి టీము పిల్లాడి కాలి ఎముక విరిగింది. ఆ పిల్లాడు హాస్టల్లో చదువుకునే సవర కుర్రాడు. వాళ్ల నాన్న గుణుపురం అవతల కొండ మీంచి బస్సెక్కి వచ్చి నన్నడిగింది ఒకటే. "వాడు ముందే ఇలా ఆడాడంట కదా బాబూ, అప్పుడే ఎందుకు ఆపలేదు?"

అప్పట్నుంచి మా పద్ధతి మార్చుకున్నాం. రక్తం చూసి శిక్ష వేయడం మానేసి, చేసిన పని చూసి వేస్తున్నాం. ఇది రాయడం తేలికే, ఆరు వందల మంది అరుస్తుంటే చేయడం కష్టం, అందుకే కాగితం మీద ముందే పెట్టుకోవాలి. ఆ కాగితం ఎలా తయారు చేసుకోవాలో చెప్తాను, కానీ దానికన్నా ముందు దెబ్బ తగిలిన మనిషి సంగతి చూద్దాం, ఎందుకంటే చాలా గ్రౌండ్‌లలో పడినవాడు పడినచోటే ఉంటాడు, మనమేమో కార్డు రంగు గురించి కొట్టుకుంటుంటాం.

పడినవాడి సంగతి

హాకీ బాల్ 156 నుంచి 163 గ్రాములు, అంటే దాదాపు క్రికెట్ బాల్ బరువు. అది తగిలితే తట్టుకోవడానికి క్రికెట్ బ్యాట్స్‌మన్‌కి ప్యాడ్లు, హెల్మెట్ ఉంటాయి, మన హాకీ కుర్రాడికి చాలాసార్లు నిక్కరూ మేజోళ్లే. పైగా మన దగ్గర టర్ఫ్ ఎక్కడిది, మట్టి గ్రౌండే కదా, నేల మీద పాకుతూ వచ్చే బాల్ చిన్న రాయి తగిలితే చాలు మూతి మీదకి లేస్తుంది. అందుకని ట్రోఫీ సైజు తగ్గించుకునైనా నాలుగు ఫేస్ మాస్కులు కొనండి. పెనాల్టీ కార్నర్‌కి (డిఫెండర్ల తప్పుకి అవతలి టీముకి గోల్ దగ్గర ఇచ్చే అవకాశం) గోల్‌కీపర్ కాకుండా నలుగురు డిఫెండర్లే నిలబడతారు కాబట్టి రెండు టీములకీ ఆ నాలుగే మార్చి మార్చి సరిపోతాయి. మోకాలి కింద కాళ్లకి కట్టుకునే షిన్ గార్డులు లేనివాణ్ణి గ్రౌండ్‌లోకి రానివ్వం అని ఎంట్రీ ఫారం మీదే రాయండి. పళ్లకి పెట్టుకునే మౌత్‌గార్డు కూడా తప్పనిసరి చేద్దామని చూశాం గానీ కుదర్లేదు, కుర్రాళ్లు నోట్లోంచి తీసి చెవి మీద పెట్టుకుని ఆడుతున్నారు.

తలకి దెబ్బ విషయంలో మాత్రం బేరాలు లేవు. బాల్ గానీ స్టిక్ గానీ మోచెయ్యి గానీ తలకి తగిలి, మనిషి తూలినా, ఎక్కడున్నాడో తెలీనట్టు చూసినా, వెలుతురు చూడలేకపోతున్నా, అడిగిన దానికి ఆలస్యంగా జవాబు చెప్తున్నా, ఆ రోజుకి అతని ఆట అయిపోయింది. స్పృహ తప్పితేనే పెద్ద దెబ్బ అనుకోవడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అపోహ, మెదడు అదిరినవాళ్లలో ఎక్కువ మందికి స్పృహ తప్పదు. "స్కోరెంత? ఇందాక గోల్ ఎవరు కొట్టారు? పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం?" అని అడగండి, అతనికొచ్చిన భాషలో అడగండి. సవర పిల్లాణ్ణి ఒడియాలో అడిగి తడబడ్డాడంటే అది తల దెబ్బో భాష ఇబ్బందో మీకు తెలీదు. అన్నీ సరిగ్గా చెప్పాడని మళ్లీ ఆడించేయకండి, అనుమానం ఉంటే చాలు బయటే కూర్చోవాలి. కోచ్ నీళ్లు కొట్టి "లే లే, ఏం కాలేదు" అంటాడు, కుర్రాడు కూడా లేస్తాడు, వాళ్ల మాట వినకండి.

వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మెడ నొప్పి, చూపు రెండుగా కనపడటం, చేతులు కాళ్లు బలహీనపడటం లేదా తిమ్మిర్లు, ఫిట్స్, మగత, ఉన్నట్టుండి చిరాకుపడి తిరగబడటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయాలి. మెడ నొప్పి అన్నవాణ్ణి, కాళ్లు తెలీడం లేదన్నవాణ్ణి భుజం మీదేసుకుని మోసుకురాకూడదు. మన జనానికి ఈ మోసుకురావడం మీద ప్రేమెక్కువ. ఊపిరి ఆడుతున్నంత వరకు ఉన్నచోటే కదలకుండా ఉంచి ఎండ పడకుండా గొడుగు పట్టండి. పైకి బాగానే ఉన్నవాణ్ణి కూడా ఆ మొదటి కొన్ని గంటలు ఒంటరిగా వదలొద్దు, బండి నడపనివ్వొద్దు, హాస్టల్ పిల్లాడైతే వార్డెన్‌కి స్వయంగా చెప్పి అప్పగించండి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు మీ అంతట మీరు ఇవ్వొద్దు.

ఊడిన పన్ను గురించి చాలామందికి తెలీదు. పాలపన్ను కాని పన్ను ఊడితే వేరు పట్టుకోకుండా పైభాగం పట్టుకుని తీసి, వెంటనే అదే గుంటలో పెట్టగలిగితే పెట్టాలి, లేదంటే పాలలో వేసి పళ్ల డాక్టరు దగ్గరకి పరుగెత్తాలి, అరగంట గంట లోపల వెళ్తే మళ్లీ నిలబడే అవకాశం బాగా ఉంటుంది. టీ కొట్టు పక్కనే ఉంటుంది కాబట్టి పాలకి లోటుండదు, కాచినవైతే చల్లారాయో లేదో చూసుకోండి. ముక్కులోంచి రక్తం వస్తే తల వెనక్కి వాల్చకూడదు, ముందుకు వంచి ముక్కు మెత్తటి భాగం పది పదిహేను నిమిషాలు నొక్కి పట్టాలి. వాచిన చోట గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట సేపు. నూనె పెట్టి మాలిష్ చేయడం మొదటి రెండు రోజులూ వద్దు, వేలు గానీ కాలు గానీ వంకరగా కనపడితే లాగి సరిచేసే పెద్దమనుషుల్ని దగ్గరకే రానివ్వొద్దు. కట్టు కట్టేవాడి దగ్గరకి వెళ్తామన్నా సరే, ముందు ఎక్స్‌రే తీయించండి.

ఏ దెబ్బకి ఎక్కడికి అన్నది కూడా ముందే అనుకోవాలి. మాకైతే మొదట రాయగడ జిల్లా ఆసుపత్రి, అక్కడ కాదంటే కొరాపుట్ మెడికల్ కాలేజీ లేదా విశాఖ కేజీహెచ్. బరంపురం వైపు వాళ్లకి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. పర్లాకిమిడి వాళ్లకి వంతెన దాటితే పాతపట్నం, అట్నుంచి శ్రీకాకుళం. రిఫర్ చేశాక కారు ఎవరిది, డీజిల్ డబ్బులెవరివి అని వెతుక్కుంటే అరగంట అక్కడే పోతుంది. ఆసుపత్రిలో నిజం చెప్పండి. పోలీసు కేసవుతుందని భయపడి "బండి మీంచి పడ్డాడు" అని రాయించినవాళ్లని నేను చూశాను, డాక్టరు ఇంకెక్కడో వెతుకుతూ కూర్చుంటాడు, తర్వాత మన విచారణకి ఆ కాగితం ఎందుకూ పనికిరాదు.

ఇంకోటి, రక్తం కారుతున్నవాడు బయటకి వెళ్లాల్సిందే, గాయం మూసి, రక్తమంటిన జెర్సీ మార్చుకున్నాకే లోపలికి. ఇది ఆట నిబంధనల్లోనే ఉంది, మీరు కొత్తగా పెట్టేదేం కాదు.

ఏది ప్రమాదకరం

మన దగ్గర ఎక్కువ గొడవలు ఇక్కడే మొదలవుతాయి, ఎందుకంటే "వాడు కావాలని కొట్టలేదు" అన్న ఒక్క మాటతో అన్నీ కొట్టుకుపోతాయని కోచ్‌లు అనుకుంటారు. స్టిక్‌ని ప్రమాదకరంగా వాడితే తప్పు, అంతే, మనసులో ఏముందన్నది తర్వాతి మాట. అవతలి వాళ్ల తలల మీదుగా స్టిక్ ఎత్తడం, గోల్‌కీపర్ కానివాడు జారుతూ వచ్చి మనిషిని పడగొట్టడం, బాల్‌ని అందుకునే చోట లేకుండా ఒంటితో గుద్దడం, ఐదు మీటర్ల లోపు ఉన్న అవతలి ఆటగాడి మీదకి బాల్ లేపడం, పైనుంచి పడుతున్న బాల్‌ని ఒకడు అందుకుని నేల మీద పెట్టుకునే దాకా ఐదు మీటర్ల దూరం ఉండకపోవడం, ఇవన్నీ తప్పులే. పెనాల్టీ కార్నర్‌లో మొదటి హిట్ గోల్ లైను దాటేటప్పుడు 460 మిల్లీమీటర్ల కన్నా ఎత్తు ఉండకూడదు, అంటే గోల్ వెనకున్న చెక్క ఎత్తు. అదే కార్నర్‌లో ఐదు మీటర్ల లోపు మామూలుగా నిలబడ్డ డిఫెండర్‌కి మొదటి షాట్ మోకాలి మీదో ఆ పైనో తగిలితే షాటే ప్రమాదకరం, ఫ్రీ హిట్ డిఫెండర్ టీముకి. మోకాలి కింద తగిలితే మళ్లీ కార్నర్. ఈ ముక్క చూసేవాళ్లకి కూడా మైకులో చెప్పండి, సగం అరుపులు తగ్గుతాయి.

కార్డులు తెలిసినవే. గ్రీన్ అంటే రెండు నిమిషాలు, ఎల్లో అంటే కనీసం ఐదు నిమిషాలు, రెడ్ అంటే ఆ మ్యాచ్‌లో మరి లేడు, బయటున్నంత సేపూ టీము ఒక మనిషి తక్కువతో ఆడాలి. మన అంపైర్లు మర్చిపోయేది ఏంటంటే, ఎల్లో ఐదే ఉండాలని లేదు. చిన్న తప్పుకీ ఒంటి మీదకి వెళ్లిన తప్పుకీ తేడా కనపడాలి, ఒంటి మీదకి వెళ్తే పది ఇవ్వండి. కార్డు ఇచ్చిన తప్పే అదే మనిషి మళ్లీ చేస్తే అదే కార్డు మళ్లీ చూపించకూడదు, పై కార్డు తీయాలి. మేం ఆ రోజు సాయంత్రం ఈ ఒక్కటి పాటించి ఉంటే, జారడంలో రెండోసారికి వాడికి ఎల్లో వచ్చేది, పది నిమిషాలు బయట కూర్చునేవాడు, సెమీఫైనల్‌కి భయంతో వచ్చేవాడు.

ఎన్ని మ్యాచ్‌లు

మీ టోర్నమెంట్ జిల్లా అసోసియేషన్ కింద నడుస్తుంటే వాళ్ల నియమాలే ముందు, మీది కాదు. ఊరి టోర్నమెంట్ అయితే మాలాగా మూడు మెట్లు పెట్టుకోండి. మేం పెట్టుకున్న పేర్లు పుస్తకాల భాష కాదు, కుర్రాళ్లకి అర్థం కావాలని అలా పెట్టాం.

మొదటిది "చూసుకోలేదు". ఊపులో స్టిక్ వెళ్లింది, వెనక మనిషి ఉన్నాడని తెలీదు. మ్యాచ్‌లో ఇచ్చిన కార్డుతో సరి, తర్వాత మ్యాచ్ ఆడొచ్చు. మా ముక్కు కేసు ఇదే, దానికి మేం టోర్నమెంట్ మొత్తం వేశాం, ఆ కుర్రాడు తర్వాత మళ్లీ మా ఊరికి ఆడటానికే రాలేదు. రెండోది "తెగించాడు". మనిషి ఉన్నాడని కనపడుతోంది, బాల్ అందదని తెలుసు, అయినా వెళ్లాడు. జారే ట్యాకిల్ చాలావరకు ఇందులోకే వస్తుంది. దీనికి ఒక మ్యాచ్, తలకో మెడకో వెళ్లినా వెనక నుంచి వచ్చినా రెండు. మూడోది "కావాలని కొట్టాడు". బాల్ ఎక్కడో ఉంది, ఇక్కడ స్టిక్ పడింది. ఆ ఏడాదికి అయిపోయింది, వచ్చే ఏడాది కూడా లేడు, జిల్లా అసోసియేషన్‌కి ఉత్తరం వెళ్తుంది.

మెట్టు తేల్చడానికి మేం నాలుగు ప్రశ్నలు వేసుకుంటాం. బాల్ ఆడగలిగే దూరంలో ఉందా? అవతలి వాడు కనపడుతున్నాడా? ఆగడానికి టైం ఉందా? తగిలిన చోటు ఎక్కడ? ఈ నాలుగింట్లో "ఎంత రక్తం వచ్చింది" లేదు, గమనించండి. దెబ్బని అసలు లెక్కలోకే తీసుకోకూడదని నేననను, అమెరికా, కెనడా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ సస్పెన్షన్ వేసేటప్పుడు దెబ్బనీ చూస్తుంది, పాత చరిత్రనీ చూస్తుంది. మా కాగితంలో దెబ్బకున్న చోటు కొంచెమే. ఒక మ్యాచా రెండా అని కమిటీ నిజంగా ఊగిసలాడుతున్నప్పుడు దాన్ని చూస్తాం, మెట్టు మాత్రం దాన్ని బట్టి మారదు.

పాత చరిత్రకి మాత్రం గట్టి విలువే ఇవ్వండి. 2015లో ఎన్‌హెచ్‌ఎల్ రాఫీ టోరెస్ అనే ఆటగాడికి తలకి తగిలిన ఒక్క హిట్‌కి 41 మ్యాచ్‌లు వేసింది, 82 మ్యాచ్‌ల సీజన్‌లో సగం, అంతకుముందు అతను అలాంటివి మళ్లీ మళ్లీ చేసి ఉండటమే దానికి పెద్ద కారణం. ఐస్ హాకీలో ఒంటితో గుద్దడం ఆటలో భాగం, అయినా తలని గురి చూస్తే ఊరుకోరు. ఆ లీగ్‌లో 2011లో ఆటగాళ్ల భద్రతకని ఒక విభాగం పెట్టారు, సస్పెన్షన్ వేస్తే ఏ క్షణంలో ఏం చేశాడో, ఎందుకు తప్పో వీడియో పెట్టి వివరిస్తారు. మనం వీడియో చేయక్కర్లేదు, నాలుగు లైన్ల కాగితం బోర్డు మీద అంటిస్తే చాలు. మా దగ్గర ఒంటి మీదకి వెళ్లిన ఎల్లో కార్డులు రెండు పోగైతే ఒక మ్యాచ్ బయట, వచ్చే ఏడాదికి కూడా రిజిస్టర్‌లో ఉంటుంది.

"దెబ్బ తిన్నవాడు ఎన్నాళ్లు ఆడలేడో కొట్టినవాడూ అన్నాళ్లు కూర్చోవాలి" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. చేసి చూడండి, దెబ్బ తిన్న టీము మంచం మీద నుంచి లేవనివ్వదు, కొట్టిన టీము రోజూ ఆసుపత్రికి వెళ్లి "ఎలా ఉంది తమ్ముడూ, లేస్తావా" అని వేధిస్తుంది. తల అదిరినవాడు ఎప్పుడు తిరిగి రావాలన్నది డాక్టరు చెప్పాలి, ఒకటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత నడక, మెల్లగా పరుగు, ఒంటరిగా స్టిక్ పని, డాక్టరు సరేనన్నాకే గుద్దుకునే ప్రాక్టీసు, చివర్లో మ్యాచ్, ఒక్కో మెట్టుకీ కనీసం ఒక రోజు, లక్షణాలు పెరిగితే వెనక్కి. దాని లెక్క వేరు, శిక్ష లెక్క వేరు. రెంటినీ ఒకే తాడుకి కట్టొద్దు.

జరిమానాలు కూడా వద్దు. డబ్బున్న స్పాన్సర్ అక్కడే తీసి ఇచ్చేస్తాడు, హాస్టల్ పిల్లాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? శిక్ష రోజుల్లో కాదు మ్యాచ్‌ల్లో లెక్కపెట్టండి, వాకోవర్ వచ్చిన మ్యాచ్, అంటే ఆడకుండానే గెలిచిన మ్యాచ్ లెక్కలోకి రాదని కూడా రాయండి, ఒకసారి మాకు దీని మీదే పెద్ద పంచాయితీ అయింది.

అమిత్ రోహిదాస్ కేసు నుంచి

2024 ఆగస్టు 4న పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్ చూడనివాళ్లు మా వైపు తక్కువ. బ్రిటన్‌తో మ్యాచ్, 17వ నిమిషంలో మన ఒడిశా కుర్రాడు, సుందర్‌గఢ్ జిల్లా సౌనామారా వాడు అమిత్ రోహిదాస్ స్టిక్ విల్ కాల్నన్ మొహానికి తగిలింది, వీడియో చూశాక రెడ్ కార్డు ఇచ్చారు. మిగతా మ్యాచ్ అంతా పదిమందితో ఆడి 1-1 దగ్గర ఆపి షూటౌట్‌లో 4-2తో గెలిచారు. ఆ మధ్యాహ్నం నేను కూడా అందరిలాగే టీవీ ముందు అంపైర్‌ని తిట్టాను. తర్వాత ఒక మ్యాచ్ సస్పెన్షన్ వేశారు, హాకీ ఇండియా అప్పీలు చేస్తే కొట్టేశారు, ఆగస్టు 6న జర్మనీతో సెమీఫైనల్ అతను లేకుండా ఆడి 3-2తో ఓడిపోయాం.

కావాలని చేశాడా అంటే నేనిప్పటికీ కాదనే అంటాను. రెడ్ ఎక్కువ అనే అంటాను, మా మెట్లలో అది మొదటిదే. కానీ కమిటీలో కూర్చునేవాడిగా చూస్తే అక్కడ జరిగిన రెండు పనులు మనం నేర్చుకోవాలి. తర్వాతి మ్యాచ్‌కి ముందే తేల్చేశారు, ఒక మ్యాచ్ అని స్పష్టంగా చెప్పారు. "తర్వాత చూద్దాం" అని నాన్చలేదు. 8వ తారీకు స్పెయిన్ మీద 2-1తో గెలిచి కాంస్యం తెచ్చిన మ్యాచ్‌కి అతను మళ్లీ ఉన్నాడు.

రాత్రి విచారణ

మ్యాచ్ అయిన రెండు గంటల్లోపు కూర్చోండి. ముగ్గురు చాలు, ఏ టీము ఊరివాళ్లూ కాకూడదు, బంధువైతే లేచి వెళ్లిపోవాలి. మన సరిహద్దు ఊళ్లలో అందరూ అందరికీ ఏదో ఒక వరసే కాబట్టి నలుగురైదుగురి పేర్లు రాసుకుని ఉంచుకోండి. అంపైర్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోక ముందే విడివిడిగా కాగితం మీద రాయాలి. ఇది చాలా ముఖ్యం, టీ తాగుతూ మాట్లాడుకున్నారంటే రెండు సాక్ష్యాలు ఒకటైపోతాయి. ఫోన్ వీడియోలుంటే మామూలు స్పీడులో ముందు చూడండి, స్లో మోషన్‌లో ఏ దెబ్బ చూసినా కావాలని కొట్టినట్టే ఉంటుంది.

కుర్రాడి మాట తప్పకుండా వినాలి, అతని భాషలో. కువి, సవర, ఒడియా, తెలుగు ఏదైనా, అతని టీములోని ఇంకో పిల్లాణ్ణి కాకుండా వేరే మనిషిని పిలిచి చెప్పించండి. పద్దెనిమిదేళ్ల లోపైతే పక్కన మాస్టారో ఇంట్లోవాళ్లో ఉండాలి. తల దించుకుని మాట్లాడకుండా కూర్చున్నాడని పొగరు అనుకోకండి, అంతమంది పెద్దమనుషుల ముందు నేనైనా అలాగే కూర్చుంటాను. దెబ్బ తిన్నవాణ్ణి ఆ రాత్రి పిలవొద్దు. ఎమ్మెల్యే మనుషుల ఫోన్లు వస్తే స్పీకర్‌లో పెట్టండి, మాట మర్యాద వాటంతటవే వస్తాయి.

తీర్పు నాలుగు లైన్లు. ఏం చేశాడు, ఏ మెట్టు, ఎన్ని మ్యాచ్‌లు, అప్పీలు రేపు పొద్దున్న ఎనిమిదింటి వరకు. అప్పీలు మొదటి ముగ్గురు వినకూడదు. ఒడియాలోనూ తెలుగులోనూ రాసి స్కోరు టేబుల్ దగ్గర అంటించండి.

ఈ కాగితం కింద మొదట సస్పెండ్ అయినవాడు మా మేనల్లుడు. తెగించాడు, వెనక నుంచి, రెండు మ్యాచ్‌లు. నేను ఆ ముగ్గురిలో లేను, బయట బెంచీ మీద కూర్చున్నాను. వాళ్ల టీము తర్వాతి మ్యాచ్‌లోనే ఓడిపోయింది కాబట్టి రెండో మ్యాచ్ వచ్చే ఏడాదికి మిగిలింది. మా అక్క ఉగాది దాకా నాతో మాట్లాడలేదు, ఉగాది రోజు పచ్చడి పంపించింది గానీ అందులో వేపపువ్వు కొంచెం ఎక్కువే పడింది.